బయటి గడియ

సీటు కవర్లు కుట్టే ఆ కొట్టులో రేడియో పాడైపోయి చాలా కాలమైంది. బాగు చేయించాల్సిన అవసరం రాలేదు. మిషను దగ్గర కూర్చునే పిల్ల పొద్దున షట్టరు ఎత్తగానే మొదలుపెట్టిన మాట సాయంత్రం షట్టరు దించేదాకా ఆపేది కాదు. అందుకని ఆ పిల్లకే రేడియో అని పేరు పెట్టేశారు. పెట్టింది కొట్టు నడిపే మనిషి. ఆమెను వీధి మొత్తం అక్క అనేది. ఆమెకంటే పదేళ్ళు పెద్ద మెకానిక్కు కూడా "అక్కా, ఈ సీటు సంగతి చూడు" అంటూ వచ్చేవాడు.

ఇంతమందికి అక్క అయిన మనిషికి సొంత తమ్ముడు ఒకడున్నాడు. వాడు కట్టుకున్నదాన్ని చంపి జైలుకెళ్ళాడని ఆ వీధిలో ఎవరికీ తెలియదు. ఎవరైనా అడిగితే "దూరంగా పరుపుల ఫ్యాక్టరీలో చేస్తున్నాడు" అనేది. పూర్తిగా అబద్ధమూ కాదు. జైల్లో వాడి చేత పరుపులే కుట్టించారు.

వాడికి చిన్నప్పట్నుంచీ కోపం. ఆ ఇంట్లో ఈ ఒక్క మాట మోసినంత బరువు గాడిద కూడా మోసి ఉండదు. పక్కింటి పిల్లి మెడ విరిచేశాడు, కోపం. తండ్రి మీదికి కుర్చీ విసిరాడు, కోపం. అక్క జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాడు, అదీ కోపమే. అందరికీ వచ్చేది, వాడికి కాస్త ఎక్కువ వచ్చేది, అంతే. దానికి అమ్మ ఒక మందు కనిపెట్టింది. వాడు రెండు చొక్కా చేతులూ ఒద్దికగా, ఒకదానికొకటి సరిపోయేలా మోచేతుల పైకి మడవడం మొదలుపెట్టాడంటే అదే గుర్తు. అమ్మ ఇంట్లో ఉన్నవాళ్ళందరినీ బయటికి తోసి, తలుపు లాగి, బయట గడియ పెట్టేసేది. తర్వాత మెట్టు మీద కూర్చుని చేతికి దొరికిన పని చేసుకునేది.

"వాడి జోలికెళ్ళకండి. వాడే చల్లారతాడు" అనేది.

లోపల తలుపు దబదబా మోగేది. ఏదో విరిగేది. కాసేపటికి సద్దుమణిగేది. అప్పుడు అమ్మ గ్లాసుతో మంచినీళ్ళు పట్టుకుని, గడియ తీసి, ఏమీ ఎరగనట్టు లోపలికి వెళ్ళేది. ఏం పగిలిందని ఎవరూ అడగకూడదు. ఊడ్చే పని అక్కది.

ఆ ఇంటికి కోడలొచ్చింది. చేతులు మడిస్తే బయటికి నడవాలన్న సంగతి ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు. ఎలా చెప్తారు? చెప్తే పెళ్ళి జరుగుతుందా? ఒక మధ్యాహ్నం అక్క పుట్టింటివాళ్ళని చూడటానికి వెళ్ళి ఉంది. తమ్ముడి చేతులు మడతపడ్డాయి. అమ్మ కూతురి రెక్క పట్టుకుని బయటికి లాగి గడియ పెట్టేసింది.

"అమ్మా, మరదలు లోపలే ఉంది."

"మొగుడూ పెళ్ళాల మధ్య మనమెందుకే? కూర్చో."

అక్క కూర్చుంది. తలుపు మోగింది. తర్వాత సద్దుమణిగింది. అమ్మ మంచినీళ్ళు తీసుకుని లోపలికి వెళ్ళింది. ఈసారి ఊడిస్తే పోయేది కాదు లోపల ఉన్నది.

కోర్టులో అమ్మ బోనెక్కి, "తలుపు బార్లా తీసే ఉంది బాబూ" అంది. తమ్ముడి తరఫు నల్లకోటాయన దాన్ని పట్టుకుని అల్లుకుపోయాడు. తలుపు తీసే ఉంది, కాళ్ళు బాగానే ఉన్నాయి, మరి ఆ అమ్మాయి ఎందుకు వెళ్ళలేదు? నిలబడి మాటకి మాట అంటూనే ఉంది, మొగుణ్ణి రెచ్చగొడుతూనే ఉంది, పాపం అతను క్షణికావేశంలో చేయి చేసుకున్నాడు. చచ్చిపోయిన పిల్ల లేచి వచ్చి తలుపు సంగతి చెప్పదు కదా! చెప్పగలిగిన మనిషి రెండో వరసలో తల దించుకుని కూర్చుంది. శిక్ష తగ్గింది. ఇంటికొచ్చాక అమ్మ కూతురికి కంచంలో వడ్డించి, "నా తల్లివే, నోరు జారలేదు" అంది. అక్క తింది. ముద్ద దిగింది కూడా. చాలామందికి దిగుతుంది.

జైల్లో తమ్ముడు చాలా మంచివాడు. తనకంటే బలమైన మగవాళ్ళ మధ్య అలాంటివాళ్ళందరూ మంచివాళ్ళే. వంచిన తల ఎత్తడు, చెప్పిన పని కాదనడు. పరుపు కుట్టాడంటే దారం ఎక్కడ మొదలైందో కనిపించదు. పెద్దలొచ్చి చూసి మురిసిపోయారు. మనిషి మారడానికి ఇదే సాక్ష్యం అన్నారు. కుట్టు బాగుంటే మనిషి బాగున్నట్టేనట. పెరోల్ మీద వదలాలంటే బయట హామీ ఉండే బంధువు కావాలి, పని కావాలి. అమ్మ అక్క ఇంట్లో చేరి పూటపూటకీ ఏడ్చింది. అక్క హామీ ఉంది.

పెరోల్ బోర్డులో ఒక పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుని అక్కని అడిగింది. "అతనికి కోపం వస్తే మీరేం చేస్తారమ్మా?"

"మేం పక్కకి తప్పుకుంటామండీ. ఎదురు చెప్పం. కాసేపటికి వాడే చల్లారతాడు."

పెద్దావిడ మిగతావాళ్ళ వైపు తిరిగి, "చూశారా ఎంత ఓర్పు గల కుటుంబమో! ఇలాంటి ఆదరణ ఎంతమందికి ఉంటుంది?" అంది. అందరూ తలలూపారు. చంపబడ్డ పిల్ల వాళ్ళ తరఫున ఆ గదిలో ఒక్కరూ లేరు. వాళ్ళకి కబురే అందలేదు.

తమ్ముడు కొట్టులోకి వచ్చాడు. మొదట్లో పెరోల్ ఆఫీసరు వారం వారం వచ్చి, టీ తాగి, "అంతా బాగే కదా?" అని వెళ్ళేవాడు. తర్వాత ఫోన్లో అడిగేవాడు. తర్వాత అదీ మానేశాడు. అంతా బాగే కదా మరి.

రేడియోకి కొత్త మనిషి దొరికాడంటే పండగే. "అన్నా, ఆ ఫ్యాక్టరీలో భోజనం పెడతారా? సెలవులిస్తారా? పెళ్ళయిందా? మాట్లాడితే జీతంలో కోసేస్తారా ఏంటి అక్కడ?" వాడు సూది నోట్లో పెట్టుకుని ఊ కొట్టేవాడు. అదే పెద్ద జవాబన్నట్టు ఆ పిల్ల ఇంకా నాలుగు అడిగేది.

ఒకరోజు దారం తెగిందని వాడు చేతులు మడవడం అక్క కంట పడింది. వెంటనే, "రేడియో, ఆ మూల దుకాణంలో జిప్పులు వచ్చాయేమో చూసి రా, పరిగెత్తు" అంది. తనూ బయటికి వచ్చి మెట్టు మీద కూర్చుంది. రేడియో తిరిగొచ్చేసరికి వాడు మామూలుగా ఉన్నాడు. ఒక బల్ల కాలు మాత్రం విరిగి ఉంది. ఇంకోసారి గుండీలకి పంపింది. మరోసారి ఊరికే టీకి పంపింది. మందు పని చేస్తోందని అక్క గుండె దిటవు చేసుకుంది.

రేడియో మొద్దు కాదు. ఒకరోజు అక్క పక్కన చేరి గుసగుసగా అంది.

"అక్కా, ఒక డౌటు. అన్న చొక్కా చేతులు మడిచినప్పుడల్లా నాకు బజారు పని పడుతోందేంటి?"

చెప్పడానికి అదే సమయం. పక్కన ఎవరూ లేరు, ఆ పిల్ల అడుగుతోంది కూడా. వీడు మనిషిని చంపాడమ్మా, ఇంకో చోట పని చూసుకో. ఒక్క మాట. ఆ మాట నోటిదాకా వచ్చింది. వస్తే ఏమవుతుంది? రేడియో నోట్లో పడ్డ మాట మధ్యాహ్నానికి వీధి చివరికి చేరుతుంది. కొట్టుకి ఎవడూ రాడు. అమ్మ అన్నం మానేస్తుంది.

"నీ వాగుడు పడలేక పంపిస్తున్నానే తల్లీ. కాసేపు చెవులు ఆరబెట్టుకోవద్దూ!"

రేడియో పకపకా నవ్వింది. "అయితే రోజుకి నాలుగుసార్లు మడవమను. కాళ్ళకి వ్యాయామం."

బస్సు ఓనరొకడు తన బండి సీట్లన్నిటికీ కొత్త కవర్లు వేయమన్నాడు. నీలం మీద తెల్ల అలలున్న రెగ్జిను. కోయడం తమ్ముడి పని. అలలు ఎటు తిరగాలో చూసుకోకుండా సగం ముక్కలు తలకిందులుగా కోసేశాడు. ఓనరు సీట్లు చూసుకోవడానికి వచ్చిన మధ్యాహ్నం రేడియో ఒక ముక్క ఎత్తి పట్టుకుని, "అయ్యో అన్నా, సీట్లు శీర్షాసనం వేశాయి!" అంది.

ఓనరు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఎక్కినోళ్ళని కూడా తలకిందులుగా కూర్చోబెట్టాలా ఏంటయ్యా?"

తమ్ముడు నవ్వలేదు. రేడియో ఇంకా నవ్వుతూనే, "ఏం కాదులే అన్నా, చిన్న సీట్లకి సర్దేద్దాం, స్పాంజి తెస్తానుండు" అని వెనక గదిలోకి వెళ్ళింది.

ఆ గది నిండా స్పాంజి. నేల నుంచి కప్పుదాకా పలకలు పలకలుగా పేర్చి ఉంటుంది. ఎలుకలు దూరి కొరకకుండా తలుపుకి బయట ఒక ఇనప గడియ. లోపల కిటికీ లేదు. అందులో నిలబడి అరిస్తే సొంత గొంతే వేరే వీధి నుంచి వస్తున్నట్టుంటుంది. రేడియో అప్పుడప్పుడూ అందులోకి వెళ్ళి పాట అందుకుని, "ఇక్కడ పాడితే నాకే వినపడదక్కా, నీకు పండగ!" అనేది.

తమ్ముడు కుడి చేయి మడిచాడు. ఎడమ చేయి మడిచాడు. రెండూ సమానంగా ఉన్నాయో లేదో చూసుకున్నాడు. బల్ల మీది కత్తెర తీసుకుని వెనక గదిలోకి నడిచాడు.

అక్క ఏం చేసిందో ఇప్పుడు చెప్పాలి. ఓనరుతో, "రండి, బయట బస్సులో సీట్ల కొలత ఇంకోసారి చూద్దాం" అంది. ఓనరు ముందు నడిచాడు. అక్క వెనక గది పక్కనుంచి వెళుతూ తలుపు లాగి గడియ పెట్టింది.

చేయి దానంతటదే వెళ్ళిందని తర్వాత చాలా రోజులు తనకి తాను చెప్పుకుంది. పిల్ల లోపలుందని ఆమెకి తెలియదా? తెలుసు. స్పాంజి తెస్తానని చెప్పి కళ్ళ ముందే వెళ్ళింది. తెలిసే పెట్టింది. చంపాలని పెట్టలేదు. కోపాన్ని ఒక గదిలో పెట్టి మూసేస్తే మిగతా ఇల్లు బాగుంటుందని ఆ ఇంట్లో నేర్చుకుంది, అది చేసింది. ఆ గదిలో ఎవరు మిగిలారన్న లెక్క ఆ ఇంట్లో ఎప్పుడూ లేదు.

తలుపు మోగింది. స్పాంజి మింగేయగా మిగిలిన చిన్న చప్పుడు. చిన్నప్పట్నుంచీ మోగే చప్పుడే, వాడే బాదుతున్నాడు అనుకుంది అక్క. ఓనరు బస్సులో నుంచి, "ఏదో చప్పుడవుతోందమ్మా" అన్నాడు.

"స్పాంజి సర్దుతున్నారులెండి."

సద్దుమణిగింది. ఓనరు వెళ్ళిపోయాడు. అక్క గ్లాసుతో మంచినీళ్ళు పట్టుకుని వెళ్ళి గడియ తీసింది.

గ్లాసు పడింది. ఆమె కేకకి వీధి మొత్తం వచ్చింది. వచ్చినవాళ్ళందరూ చూసింది బార్లా తీసి ఉన్న తలుపు, తెల్లగా ఉండాల్సిన స్పాంజి, దాని మీద కూర్చుని చొక్కా చేతులు కిందికి దించుకుంటున్న మగాడు.

అప్పుడు తెలిసింది వీధికి వాడెవడో. హంతకుణ్ణి మళ్ళీ ఊళ్ళోకి ఎవడు వదిలాడని ఊరు ఊగిపోయింది. బోర్డు పెద్దావిడ విచారం వ్యక్తం చేసింది. పెరోల్ ఆఫీసరు తన పైవాడిని చూపించాడు, పైవాడు పద్ధతిని చూపించాడు. పద్ధతికి మొహం లేదు, చెంప మీద కొట్టడానికి. ఊగడం అయ్యాక ఊరు అసలు పనిలో పడింది. టీ కొట్టు దగ్గర, క్షౌరశాలలో, ఆఫీసు మెట్ల మీద ఒకటే ప్రశ్న: తలుపు తీసే ఉందిగా, ఆ పిల్ల ఎందుకు పరిగెత్తలేదు? ఒంటరిగా ఆ గదిలోకి ఎందుకెళ్ళింది? వాడితో ఎప్పుడూ నవ్వులేనటగా? ఏదో ఉండే ఉంటుంది. బతికున్నప్పుడు ఆ పిల్లని నవ్వించే కబుర్లు చెప్పమని అడిగి మరీ చెప్పించుకున్న మెకానిక్కే, "ఏమో, ఆడపిల్లకి అంత నోరు పనికిరాదు" అన్నాడు.

పాత నల్లకోటాయనే మళ్ళీ వచ్చాడు. జుట్టు నెరిసింది గానీ దారి అదే. "చూడమ్మా, వాళ్ళిద్దరి మధ్యా ఏదో చనువుంది, మాటా మాటా పెరిగింది. మళ్ళీ క్షణికావేశమే. నిన్ను ఒకటే అడుగుతాను. తలుపు తీసే ఉందా అని. ఉందని చెప్పు. చాలు."

ఆయన వెళ్ళాక అమ్మ అక్క పక్కన చేరింది. "అది అబద్ధం కూడా కాదే. జనం వచ్చేసరికి తీసే కదా ఉంది!"

"నేను తీస్తే కదమ్మా."

"తీశావా లేదా? తీశావు. అంతవరకే చెప్పు. గడియ మాట ఎత్తావంటే వాడు మళ్ళీ బయటికి రాడు. నువ్వూ లోపలికి పోతావు. నాకెవరు దిక్కు? పోయిన పిల్ల ఎలాగూ రాదు."

"మరదలప్పుడూ ఇదే అన్నావు."

"అన్నాను. నువ్వు విన్నావు. కొట్టు పెట్టుకుని బతికావు. ఏం తక్కువైంది?"

అక్క లెక్కేసుకుంది. ఏమీ తక్కువ కాలేదు.

రేడియో వాళ్ళమ్మ బళ్ళో ఆయా. కూతురి చెప్పులు, టిఫిన్ డబ్బా తీసుకెళ్ళడానికి కొట్టుకి వచ్చింది. డబ్బా మూత తీసి చూసింది. కడిగి పెట్టి ఉంది. ఏడుపు రాలేదు ఆమెకి, అంతకు ముందే అయిపోయినట్టుంది.

"అక్కా, నువ్వు కొట్టులోనే ఉన్నావట కదా. ఒక్కటి చెప్పు. నా పిల్ల వాగుతుంది గానీ మొద్దు కాదు. కాలనీలో కుక్క మొరిగితే గోడెక్కి కూర్చునే పిల్ల. కళ్ళ ముందు తలుపు తీసి ఉంటే ఎందుకు పరిగెత్తలేదు? జనం ఒకటంటున్నారు. అది నేను నమ్మను. కానీ పొద్దున లేస్తే నాక్కూడా అదే ప్రశ్న వస్తోంది. నా పిల్ల మీద నాకే అనుమానం పుట్టిస్తున్నారక్కా."

అక్క "నీళ్ళు తాగుతావా?" అంది. అనగానే తన నోట్లోంచి వచ్చిన మాట తనకే వినపడి, గ్లాసు పట్టుకోబోయిన చేయి వెనక్కి తీసుకుంది. ఆయా అప్పటికే చెప్పులు చంకలో పెట్టుకుని మెట్లు దిగుతోంది.

కోర్టు రోజు అమ్మ ముందు వరసలో కూర్చుంది. బోను పక్కన తమ్ముడు, జైల్లోలా తల వంచుకుని, ఉతికిన చొక్కాతో ఎంత బుద్ధిమంతుడో! నల్లకోటాయన చాలా మర్యాదగా లేచాడు.

"అమ్మా, మీరు వెళ్ళేసరికి గది తలుపు తీసే ఉంది కదా?"

"లేదు."

ఆయన సరిగా వినపడనట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టాడు. "భయపడకండి. నిదానంగా చెప్పండి. తలుపు తీసి ఉందా?"

"బయట గడియ పెట్టి ఉంది. పెట్టింది నేను."

ఆపితే మళ్ళీ నోరు పెగలదని ఆమెకి తెలుసు. గడగడా చెప్పేసింది. "ఆ పిల్ల తలుపు బాదింది. వాడే బాదుతున్నాడనుకున్నాను. ఆ పిల్లకీ వాడికీ ఏమీ లేదు. వాడెవడో కూడా తెలియదు. అడిగింది, నేనే చెప్పలేదు. పరిగెత్తడానికి దారి లేకుండా చేసింది నేను. ఇంకోటి. మా మరదలప్పుడు కూడా తలుపు తీసి లేదు. మా అమ్మ గడియ పెట్టింది. నేను పక్కనే కూర్చున్నాను."

"ఇది ఇప్పటి కేసుకి సంబంధం..." అన్నాడు నల్లకోటాయన.

"సంబంధం లేకపోతే వాడు బయటికి ఎలా వచ్చాడండీ?"

తమ్ముడు తలెత్తి ఆమెను చూశాడు. కుడి చేతి గుండీ విప్పాడు. మెల్లిగా మడవడం మొదలుపెట్టాడు. చుట్టూ పోలీసులున్నారు, ఆమెకి ఏమీ కాదు. అయినా ఆమె కళ్ళు తలుపు ఎక్కడుందో వెతికాయి. పుట్టి బుద్ధెరిగాక ఆ మడతలు చూసి తను బయటికి వెళ్ళకుండా నిలబడటం ఇదే మొదలు. బోను కర్ర పట్టుకుని నిలబడింది. జడ్జిగారు గడియ గురించి ఇంకా అడుగుతున్నారు. చెప్తూనే ఉంది.

అమ్మ లేచి కూతురి వైపు చూడకుండా బయటికి నడిచింది.

వరండాలో ఆయా ఎదురైంది. అక్క చేతులు జోడించబోయింది.

"వద్దు. దించు" అంది ఆయా. "నిజం చెప్పావని నీకు నేను దండం పెట్టాలా, నువ్వు నాకు పెట్టాలా? నా పిల్ల తలుపు బాదుతుంటే బయట సీట్ల కొలతలు చూశావు." కొంగుతో మొహం తుడుచుకుంది. "కానీ ఈ రోజు నుంచి ఎవడైనా ఎందుకు పరిగెత్తలేదంటే వాడి మొహాన ఊస్తాను. అంతవరకు చేశావు. వెళ్ళు."

వెళ్ళడానికి ఇంకెక్కడికీ లేదు. పోలీసులు పక్కనే ఉన్నారు. తలుపు వేసింది నేనే అని జడ్జి ముందు ఒప్పుకున్న మనిషిని ఇంటికి పంపరు. స్టేషన్లో ఒక గదిలో కూర్చోబెట్టారు. బల్ల, రెండు కుర్చీలు, మూల ఒక ఖాళీ నీళ్ళ కుండ. ఆడ కానిస్టేబులు చెడ్డమనిషి కాదు.

"పెద్దసారు వచ్చి అడుగుతారు. అందాకా ఇక్కడే కూర్చోండి. ఏమన్నా కావాలా?"

"ఏం వద్దమ్మా."

కానిస్టేబులు బయటికి వెళ్ళి తలుపు లాగింది. గడియ పడింది.

ఆ చప్పుడు అక్కకి బాగా తెలిసిందే. ఎన్నోసార్లు విన్నది, తన చేత్తో చేసినది. కానీ ఎప్పుడూ బయటి నుంచే విన్నది. లోపలి నుంచి అది ఎలా ఉంటుందో ఇప్పుడు విన్నది. లేచి వెళ్ళి తలుపు మీద అరచేయి పెట్టింది. అటువైపు ఎవరో ఎవరితోనో నవ్వుతూ ఏదో చెప్తున్నారు. ఒకసారి కొట్టింది. రెండోసారి కొట్టింది.

అటువైపు నవ్వు ఆగలేదు.